దవడలో మరమేకు, నోట్లో పొగ

పళ్ళ ఇంప్లాంట్‌కు మూలపురుషుడు పళ్ళ డాక్టరు కాదు. ఆయన వెతికింది పళ్ళ కోసమూ కాదు. 1952లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే యువ వైద్యుడు ఎముక మూలుగలో నెత్తురు ఎలా పారుతుందో కళ్ళారా చూడాలని పట్టుబట్టాడు. కుందేలు కాలి ఎముకలో చిన్న టైటానియం పరికరాన్ని బిగించి, దాని గుండా సూక్ష్మదర్శినితో లోపలికి చూసేవాడు. పని ముగిశాక, ఖరీదైన లోహం కదా, తీసి మళ్ళీ వాడుకుందామనుకుంటే అది ఊడి రాలేదు. ఎముక దాన్ని పట్టేసుకుంది.

టైటానియానికి గాలి సోకగానే పైన ఆక్సైడ్ పూత ఏర్పడుతుంది. మందం కొన్ని నానోమీటర్లే. శరీరం ఆ పూతతో పేచీ పెట్టుకోదు, దాన్ని ఆనుకునే కొత్త ఎముక పెరుగుతుంది.

1965లో గోథెన్‌బర్గ్‌లో గోస్టా లార్సన్ అనే వ్యక్తి కింది దవడలో బ్రోనెమార్క్ నాలుగు టైటానియం మరమేకులు దించాడు. లార్సన్‌కు పుట్టుకతోనే దవడ లోపం, కింద పళ్ళే లేవు. 2006లో కన్నుమూసేదాకా ఆయన వాటితోనే నమిలాడు. ఇంత రుజువు కళ్ళెదుట ఉన్నా స్వీడన్ దంతవైద్య పెద్దలు చాలా ఏళ్ళు పెదవి విరిచారు. 1982లో టొరంటోలో జరిగిన సదస్సుతో గానీ ప్రపంచం ఒప్పుకోలేదు.

ఈ కథలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం మరొకటి. అదే బ్రోనెమార్క్ స్వచ్ఛందంగా ముందుకొచ్చిన మనుషుల చేతుల్లోనూ టైటానియం పరికరాలు అమర్చి, బతికున్న రక్తనాళాలను పరిశీలించాడు. పొగ తాగినప్పుడు సన్నని రక్తనాళాలు ఎలా స్పందిస్తాయో 1970లో ఆసానో అనే పరిశోధకుడితో కలిసి ఒక పత్రమే ప్రచురించాడు. అంటే ఇంప్లాంట్‌కు జన్మనిచ్చిన చేతులే దాని శత్రువునూ పరీక్షకు పెట్టాయి.

ఇంప్లాంట్ గోడకు దిగ్గొట్టిన మేకు లాంటిది కాదు. మొదటి రోజుల్లో మరల బిగువు మీద నిలబడుతుంది. ఆ తరవాత చుట్టూ దెబ్బతిన్న పాత ఎముక కరుగుతూ, కొత్తది పుడుతూ ఉంటుంది. పాత పట్టు సడలి, కొత్త పట్టు ఇంకా చిక్కని మూడో వారం ప్రాంతంలో అది అన్నిటికన్నా బలహీనంగా ఉంటుంది. నొప్పి తగ్గింది కదా అని మళ్ళీ సిగరెట్టు వెలిగించేదీ సరిగ్గా అప్పుడే!

నికోటిన్ సన్న రక్తనాళాలను బిగదీస్తుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కంటే రెండువందల రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ను అంటుకుంటుంది. అందే నెత్తురే తక్కువ, అందులో ప్రాణవాయువు ఇంకా తక్కువ. ఎముక కట్టే కణాలు, సూక్ష్మక్రిములతో పోరాడే తెల్ల కణాలు రెండూ మందగిస్తాయి. సిగరెట్టా, బీడీయా, చుట్టా అన్నది నికోటిన్‌కు అనవసరం.

1993లో బెయిన్, మోయ్ అనే ఇద్దరు 540 మంది నోళ్ళలోని 2,194 ఇంప్లాంట్ల లెక్క తీశారు. పొగతాగనివాళ్ళలో 4.76 శాతం విఫలమైతే, తాగేవాళ్ళలో 11.28 శాతం విఫలమయ్యాయి. గుల్లగా ఉండే పై దవడ ఎముకలో ముప్పు ఎక్కువ. ఆ లెక్కనే తిరగేసి చూస్తే పొగరాయుళ్ళలోనూ ఎక్కువ ఇంప్లాంట్లు నిలిచాయి. అందుకే చాలామంది డాక్టర్లు వాళ్ళకు కుదరదని చెప్పరు. కానీ రెట్టింపుకు మించిన నష్టభయాన్ని రోగికి ముందే విడమరచి చెప్పకపోతే అది వైద్యం కాదు, వ్యాపారం.

పన్ను బిగిశాక గండం గట్టెక్కినట్టూ కాదు. చిగురు చెడితే నెత్తురు కారి హెచ్చరించాలి. పొగతాగేవాళ్ళ చిగుళ్ళలో ఆ నెత్తురు అంతగా కనిపించదు. బయటికి అంతా బాగున్నట్టే ఉంటుంది, లోపల ఇంప్లాంట్ చుట్టూ ఎముక అరిగిపోతూ ఉంటుంది. వేలితో కదిలిస్తే ఊగేసరికి చేయగలిగింది పెద్దగా మిగలదు.

ఆపరేషన్‌కు వారం ముందు మానేసి, తరవాత ఎనిమిది వారాలు ముట్టకుండా ఉండమని బెయిన్ సూచించాడు. అలా ఉన్నవాళ్ళ ఫలితాలు పొగతాగనివాళ్ళకు దగ్గరగా వచ్చాయి. అయితే చిగురు చెడే ముప్పు ఎనిమిది వారాలతో తీరేది కాదు, దానికి పూర్తిగా మానడమే మందు. ఇంప్లాంట్ పెట్టించుకోబోతున్నారా? రోజుకు ఎన్ని తాగుతారో పళ్ళ డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. మీ ఇంట్లోవాళ్ళ ముందు చెప్పడం ఇబ్బందైతే వాళ్ళను కాసేపు బయట కూర్చోమనండి.