వికలాంగుల పింఛను: వెంట వెళ్లువారు చేయవలసిన పని

చెరకు గానుగలోనో నూర్పిడి యంత్రములోనో చేయి పోగొట్టుకొనిన రైతునకు ఆంధ్రప్రదేశమున పింఛను లభించుట సదరం ధ్రువపత్రముపై నాధారపడి యున్నది. వైకల్యము నూటికి 40 పాళ్లయినను ఉండవలెను. 2024లో ఈ పింఛనును నెలకు 6,000 రూపాయలకు హెచ్చించిరి గనుక, ధ్రువపత్రమునకై తిరుగువారును హెచ్చిరి.

“నాగలి పట్టలేను గనుక నాకు నూటికి నూరు” అని పలువురు తలచుట మేము గ్రామములందు వినుచున్నాము. వైద్యులు కొలుచునది అవయవపు లోపమును, జీవనోపాధికి కలిగిన నష్టమును గాదు. సొమ్మిచ్చిన శాతము పెంచెదమను దళారిని దరి జేరనీయరాదు. అట్టివాడు లేని సంత లేదు గదా!

చదువు వచ్చిన సభ్యుడొకడు వెంట వెళ్లుట మేలు. అతడు సచివాలయమున శిబిరపు తేదీ వ్రాయించి, ఆధారు కార్డు, ప్రమాదమునాటి ఆసుపత్రి చీటీలు, ఎక్స్‌రేలు ఒక సంచిలో చేర్చవలెను. అంతకన్న ముఖ్యమైనది మరియొకటి కలదు. మనవారు డాక్టరుగారి యెదుట బిడియపడి “బాగానే ఉన్నదండీ” అందురు. గుండీ పెట్టుకొనలేకపోవుట, చెంబు ఎత్తలేకపోవుట ఉన్నదున్నట్లు చెప్పించవలెను, లేనిది చేర్పరాదు.

శాతము తక్కువ వేసిరని తోచినచో 2016 సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము 59వ సెక్షను ననుసరించి అప్పీలు చేసికొనవచ్చును. 2025లో ప్రభుత్వమువారు మరల పరీక్షలు జరిపి పలువురికి నోటీసు లిచ్చినపుడును అప్పీలునకు వీలు కల్పించిరి. నోటీసు అందిన తేదీని దానిపైననే వ్రాసి, ఆనాడే సంఘ కార్యదర్శికి చూపవలయును. దూలమున దోపి మరచినచో గడువు దాటిపోవును.