అపార్థాలు – అంతర్జాతీయ సంబంధాలు

మానవుడు సంఘజీవి. వ్యక్తులు కలిసి కుటుంబముగా, కుటుంబాలు కలిసి సమాజముగా ఏర్పడినట్లే దేశాలన్నీ కలిసి ప్రపంచ సమాజముగా ఏర్పడినవి. ఇరుగు పొరుగు ఇళ్ళ మధ్య మాటపట్టింపు వచ్చినచో పెద్దమనుషులు కూర్చుండి సర్దిచెప్పుదురు. దేశాల మధ్య అపార్థము వచ్చినప్పుడు అట్టి పెద్దమనుషులు అరుదు. దాని మూల్యమును చెల్లించువారు మాత్రము ఆ మాటలు అనని, వినని సామాన్య ప్రజలు.

దేశాల వైరములన్నీ అపార్థముల వలననే పుట్టునని చెప్పుట సరికాదు. భూమి, నీరు, వాణిజ్యము, అధికారము – వీటి కొరకు నిజమైన పోటీలు ఉన్నవి. అయితే ఉన్న వైరమును పెంచుటలోను, లేని వైరమును కల్పించుటలోను అపార్థము పోషించిన పాత్ర చిన్నది కాదు. అపార్థము ముఖ్యముగా మూడు మార్గాల వచ్చును. మొదటిది భాష వలన. రెండవది ఎదుటివారి ఉద్దేశమును తప్పుగా ఊహించుట వలన. మూడవది వార్త సకాలములో చేరకపోవుట వలన. ఈ మూడింటిని చరిత్ర సాక్ష్యముతో పరిశీలింతము.

భాష తెచ్చిన చిక్కులు

మన కళాశాలలో ఉర్దూ, తెలుగు రెండును నిత్యము వినబడును. ఉర్దూలో 'రాజీనామా' అనగా ఇరుపక్షములు సమ్మతించి వ్రాసుకొన్న ఒడంబడిక. అదే మాట తెలుగులో ఉద్యోగమును వదలుకొనుట అనే అర్థములో స్థిరపడినది. ఉర్దూవారు దానిని 'ఇస్తీఫా' అందురు. ఒకే ఊరిలో తరతరాలుగా కలిసి బ్రతుకుచున్న రెండు భాషల మధ్యనే ఒక మాట ఇంత దూరము జరిగినప్పుడు, సముద్రాల కావలి జాతుల మధ్య ఏమి జరుగునో ఊహించవచ్చును.

1889 మే 2న ఇథియోపియా పాలకుడు రెండవ మెనెలిక్‌కు, ఇటలీకి మధ్య వుచాలే ఒప్పందము కుదిరినది. అది అమ్హారిక్ భాషలోను, ఇటాలియన్ భాషలోను వ్రాయబడినది. దానిలోని 17వ అధికరణము, ఇతర ఐరోపా రాజ్యాలతో వ్యవహరించునప్పుడు చక్రవర్తి ఇటలీ సహాయమును 'పొందవచ్చును' అని అమ్హారిక్ ప్రతిలో ఉన్నది. ఇటాలియన్ ప్రతి మాత్రము ఇటలీ ద్వారానే వ్యవహరించుటకు ఆయన అంగీకరించినట్లు అర్థమిచ్చినది. 'పొందవచ్చును' అనుటకు, 'పొందవలెను' అనుటకు గల భేదము ఒక దేశ స్వాతంత్ర్యమంత పెద్దది. ఇటలీ తన ప్రతిని చూపి ఇథియోపియా తన రక్షితరాజ్యమని ప్రకటించినది. మెనెలిక్ 1893లో ఒప్పందమును త్రోసిపుచ్చినాడు. వివాదము యుద్ధముగా మారి 1896 మార్చి 1న అద్వా వద్ద ఇటలీ సైన్యము ఘోర పరాజయము పొందినది. అదే సంవత్సరము అక్టోబరులో ఇటలీ ఇథియోపియా స్వాతంత్ర్యమును గుర్తింపక తప్పలేదు. ఆ భేదము పొరపాటో, పన్నాగమో నిర్ణయించుట కష్టము. అపార్థము బలవంతునికి ఆయుధముగా కూడ ఉపయోగపడునని మాత్రము ఇది తెలుపుచున్నది.

న్యూజీలాండులో అద్వా వంటి విజయము లభింపలేదు. 1840 ఫిబ్రవరి 6న బ్రిటిషు ప్రభుత్వము మావోరీ నాయకులతో వైతాంగి ఒప్పందము చేసుకొన్నది. ఆంగ్ల ప్రతిలో 'సార్వభౌమాధికారము' బ్రిటిషు రాణికి సంక్రమించును. మావోరీ ప్రతిలో అచ్చట వాడిన మాటకు 'పరిపాలన' అని అర్థము. పైగా తమ భూములపై నాయకుల అధికారము నిలిచియుండునని ఆ ప్రతి హామీ ఇచ్చినది. సంతకము చేసిన నాయకులలో అత్యధికులు మావోరీ ప్రతి మీదనే చేసినారు. ఆ భేదము నుండి పుట్టిన ఫిర్యాదులను విచారించుటకు 1975లో, అనగా 135 సంవత్సరాల తరువాత, ఒక ట్రిబ్యునల్ స్థాపింపబడినది.

ఇక జపాను సంగతి. 1945 జూలై 26న మిత్రరాజ్యాలు పోట్స్‌డామ్ ప్రకటన ద్వారా జపానును లొంగిపొమ్మని హెచ్చరించినవి. జూలై 28న ప్రధాని సుజుకి పత్రికలవారితో 'మొకుసత్సు' అను మాట వాడినాడు. మౌనము, చంపుట అను రెండు అక్షరాల కలయిక అది. 'ప్రస్తుతమునకు ఏమియు చెప్పము' అనియు, 'తిరస్కారముతో ఉపేక్షింతుము' అనియు రెండు విధాల దానిని అన్వయించినారు. ప్రపంచమునకు చేరినది రెండవ అర్థమే. ఆగస్టు 6న హిరోషిమా, 9న నాగసాకి అణుబాంబులకు ఆహుతి అయినవి. ఒక్క మాట వలననే బాంబు పడినదని కొందరు వ్రాయుదురు. అది అతిశయోక్తి. బాంబు వేయుటకు ఆజ్ఞ జూలై 25నే సిద్ధమైనది. కాని నిర్ణయమును మార్చుకొనుటకు మిగిలిన కొద్దిపాటి అవకాశమును ఆ సందిగ్ధమైన మాట మూసివేసినదనుట అసత్యము కాదు.

ఉద్దేశమును తప్పుగా ఊహించుట

పచ్చకామెర్లవానికి లోకమంతా పచ్చగా కనబడునని మన పెద్దల మాట. రాజనీతి శాస్త్రజ్ఞులు దీనినే మరొక విధముగా చెప్పినారు. ఒక దేశము ఆత్మరక్షణకై ఆయుధములు సమకూర్చుకొనును. పొరుగు దేశమునకు అది దాడి సన్నాహముగా తోచును. అదియు ఆయుధములు పెంచును. అది చూచి మొదటి దేశము తన భయము నిజమేనని తలచును. ఇరువురిలో ఎవరును యుద్ధము కోరకపోయినను ఇరువురును యుద్ధము అంచునకు చేరుదురు. దీనిని 'భద్రతా సందిగ్ధము' అందురు. అమెరికా పండితుడు రాబర్ట్ జెర్విస్ 1976లో ప్రచురించిన గ్రంథములో ఇట్టి పొరపాటు ఊహలను విపులముగా చర్చించినాడు. తాను చేసిన ప్రతి పని ఆత్మరక్షణకేనని ఎదుటివారికి తెలిసియే యుండునని ప్రతి దేశము భావించుట అందులో ముఖ్యమైనది.

1983వ సంవత్సరము దీనికి చక్కని ఉదాహరణ. ఆ సెప్టెంబరు 1న దారి తప్పి సోవియట్ గగనతలములో ప్రవేశించిన దక్షిణ కొరియా ప్రయాణికుల విమానమును సోవియట్ యుద్ధవిమానము కూల్చివేయగా 269 మంది మరణించినారు. సెప్టెంబరు 26న సోవియట్ హెచ్చరిక యంత్రములు అమెరికా క్షిపణులు బయలుదేరినట్లు సూచించినవి. అప్పుడు విధిలోనున్న స్టానిస్లావ్ పెట్రోవ్ అను అధికారి, నిజమైన దాడి అయినచో నాలుగైదు క్షిపణులతో మొదలుకాదని యోచించి, అది యంత్రదోషమేనని నివేదించినాడు. మేఘాలపై పడిన సూర్యకాంతిని ఉపగ్రహము క్షిపణిగా భ్రమించినదని తరువాత తేలినది. నవంబరులో నాటో కూటమి అణుయుద్ధ అభ్యాసము జరుపగా, అది నిజమైన దాడికి ముసుగేమోనని సోవియట్ దళములు కొన్ని అప్రమత్తమైనవి. ప్రమాదము ఎంత సమీపించినదో చరిత్రకారులలో భేదాభిప్రాయములున్నవి. అయితే సోవియట్ నాయకులు తమను చూచి నిజముగానే భయపడుచున్నారని గ్రహించి ఆశ్చర్యపడినట్లు అధ్యక్షుడు రీగన్ తన ఆత్మకథలో వ్రాసినాడు. 1987 డిసెంబరు 8న మధ్యశ్రేణి క్షిపణుల నిర్మూలన ఒప్పందముపై ఇరుదేశముల నాయకులు సంతకము చేయుటకు ఆ గ్రహింపు కూడ కొంత తోడ్పడినది.

వార్త చేరు దారి

1962 అక్టోబరులో క్యూబా క్షిపణుల సంక్షోభ కాలమున అమెరికా, రష్యా అధినేతల లేఖలు అందుటకు, అనువాదమగుటకు గంటల కాలము పట్టినది. ఆ గంటలలో ప్రపంచము నశించి యుండవచ్చును. ఆ అనుభవము ఫలితముగా 1963 జూన్ 20న వాషింగ్టన్, మాస్కోల మధ్య ప్రత్యక్ష సంబంధమునకు ఒప్పందము జరిగినది. అది టెలిఫోను కాదు, టెలిప్రింటరు. నోటిమాట తొందరలో జారును, తప్పుగా వినబడును. వ్రాతలో ఆలోచనకు వ్యవధి ఉండును.

మన ఉపఖండము కూడ ఈ పాఠమును కొంత నేర్చినది. భారత్, పాకిస్తాన్ పరస్పరము అణుకేంద్రములపై దాడి చేయరాదని 1988 డిసెంబరు 31న ఒప్పందము చేసుకొన్నవి. ఆ కేంద్రముల జాబితాలను ఏటేటా జనవరి 1న ఇచ్చిపుచ్చుకొను ఆచారము 1992లో మొదలైనది. సైనిక విన్యాసములను గూర్చి 1991లోను, క్షిపణి పరీక్షలను గూర్చి 2005లోను ముందుగా తెలియజేసుకొను ఒప్పందములు కుదిరినవి. 2022 మార్చి 9న మన క్షిపణి ఒకటి పొరపాటున వెలువడి పాకిస్తాన్ భూభాగములో పడినది. అదృష్టవశాత్తు ప్రాణనష్టము జరుగలేదు. పాకిస్తాన్ ఎదురుదాడికి దిగలేదు, భారత ప్రభుత్వము అది సాంకేతిక లోపమని ప్రకటించి విచారము వెలిబుచ్చినది. రెండు రోజుల తరువాత గాని ఆ వివరణ వెలువడలేదు. ఉద్రిక్త సమయములో అట్టి ఘటన జరిగినచో రెండు నిమిషముల ఆలస్యము కూడ ప్రమాదకరమే.

విద్యార్థుల కర్తవ్యము

ఒప్పందములు, తంతివార్తలు ప్రభుత్వముల పని. విద్యార్థుల పని ఏమి? కాలు జారినచో తీసికొనవచ్చును గాని నోరు జారినచో తీసికొనలేము. పూర్వము మన రేవు పట్టణాలలో వర్తకులకు, దొరలకు నడుమ దుబాసీలు ఉండెడివారు. రెండు భాషలు తెలిసినవాడు రెండు పక్షాల నడుమ వంతెన. అతడు నమ్మకస్తుడైనచో ఇరువురికి మేలు, కానిచో ఇరువురికి కీడు. వుచాలే, వైతాంగి ఒప్పందముల చరిత్ర చెప్పునది ఇదియే. రెండు భాషల నడుమ పెరుగుచున్న మన విద్యార్థులకు ఈ సామర్థ్యము పుట్టుకతోనే లభించినది. దానిని నిలుపుకొనుటకు శ్రద్ధ వలయును. ఒక మాట వినగానే 'నాకు తెలిసిన అర్థమే వారి అర్థమా?' అని ప్రశ్నించుకొనుట, ఒక చర్య చూడగానే 'వారి స్థానములో నేనున్నచో ఏమి భయపడుదును?' అని యోచించుట – ఈ రెండు అలవాట్లు తరగతి గదిలో అబ్బినచో, రేపు కార్యాలయములోను, పత్రికలోను, రాయబార మందిరములోను అక్కరకు వచ్చును. ఆనాటి రాత్రి పెట్రోవ్ చేసినది ఇంతకంటె ఎక్కువేమియు కాదు. అందరును యంత్రమును నమ్ముచున్న వేళ, ఆగి ఒక ప్రశ్న వేసికొన్నాడు.