‘పడకపోవడం’లో నాలుగు రకాలు

“నాకు వంకాయ పడదండీ”, “మా అబ్బాయికి రొయ్యలు పడవు”, “ఆ ఇంజక్షను నాకు పడలేదు” - ఇలాంటి మాటలు మన ఇళ్ళల్లో రోజూ వింటూనే ఉంటాం. వీటిలో కొన్ని ఉత్త అజీర్ణాలు. నిజంగా ఎలర్జీ అయినవి కూడా అన్నీ ఒక రకం కావు. ఏది ఏ రకమో చాలావరకు చెప్పగల సాధనం మీ ఇంట్లోనే ఉంది. అది గోడ గడియారం!

సూక్ష్మజీవులతో పోరాడటానికి మన శరీరంలో రక్షణ వ్యవస్థ ఒకటుంది. అది ఒక్కొక్కప్పుడు పుప్పొడినీ, రొయ్యనూ, మందునూ కూడా శత్రువనుకుని తిరగబడుతుంది. దీనికి ‘ఎలర్జీ’ అని 1906లో పేరు పెట్టినవాడు వియన్నా డాక్టరు పిర్కే. 1963లో జెల్, కూంబ్స్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞులు దీన్ని నాలుగు రకాలుగా విభజించారు.

మొదటి రకం నిమిషాల్లో వస్తుంది. పడని పదార్థం మొదటిసారి లోపలికి వెళ్ళినప్పుడు ఏమీ తెలియదు. కాని, ‘ఐజిఇ’ అనే యాంటీబాడీలు తయారై, మాస్ట్ కణాలను అంటిపెట్టుకుని ఉంటాయి. మళ్ళీ అదే పదార్థం వస్తే ఆ కణాలు హిస్టమిన్‌ను కుమ్మరిస్తాయి. తుమ్ములు, దద్దుర్లు, పిల్లికూతలు వస్తాయి. “నిన్నటిదాకా పడింది ఇవాళెందుకు పడలేదు?” అని మీరు అడిగే ప్రశ్నకు జవాబు ఇదే.

రెండవ రకంలో యాంటీబాడీలు మన కణాలనే నాశనం చేస్తాయి. కొన్ని మందులు ఎర్రకణాలకు అంటుకుంటే ఆ కణాలు చితికి, రక్తం తగ్గి, కామెర్లు రావచ్చు. దీన్ని తేల్చేది గడియారం కాదు, రక్తపరీక్ష.

మూడవ రకం వారం, రెండు వారాలకు బయటపడుతుంది. పాముకాటుకు ఇచ్చే విరుగుడు మందును గుర్రాల రక్తం నుంచి తీస్తారు. ప్రాణం నిలబెట్టే మందే అయినా, కొందరిలో ఆ మాంసకృత్తులూ మన యాంటీబాడీలూ ముద్దలు కట్టి, సన్నటి రక్తనాళాల్లో చిక్కుకుంటాయి. జ్వరం, కీళ్ళనొప్పులు, దద్దుర్లు వస్తాయి. అంతమాత్రాన పాము కరిచినప్పుడు ఆ మందు వద్దనకండి.

నాల్గవ రకానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. ఇక్కడ పనిచేసేవి యాంటీబాడీలు కావు, తెల్లకణాలు. గిల్టు కమ్మలు, తలకు వేసే రంగు దీనికి సామాన్య కారణాలు. ఆదివారం రంగు వేసుకున్నాయన, మంగళవారం దురద పుడితే, మంగళవారం తిన్న వంకాయను తిడతాడు!

కాచిగూడలో రైలుపట్టాల పక్కనా, ఊళ్ళో ఖాళీ స్థలాల్లోనూ తెల్లటి చిన్న పూలతో పెరిగే వయ్యారిభామ మరో కారణం. దీని ఎండు పొడి గాలికి ఎగిరి కనురెప్పలమీద, మెడమీద, మోచేతి మడతల్లో ఎగ్జిమా తెస్తుంది. దీని పుప్పొడే మరికొందరికి మొదటి రకం తుమ్ములూ, ఆయాసమూ తెస్తుంది. ఈ మొక్కను ఉత్త చేతులతో పీకకండి, ఎండబెట్టి తగలబెట్టకండి.

ఇంతకూ రకాలు తెలుసుకోవడం ఎందుకంటారా? వైద్యం వేరు గనుక. నాల్గవ రకం ఎగ్జిమాకు హిస్టమిన్‌ను అణచే బిళ్ళలతో పెద్ద ప్రయోజనం ఉండదు. కారణాన్ని దూరంగా ఉంచాలి, డాక్టరు చెప్పిన పైపూత వాడాలి.

మొదటి రకం ముదిరితే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. మందో, తిండో, కందిరీగ కాటో తగిలిన కొద్దిసేపట్లోనే నాలుక వాచినా, గొంతు బొంగురుపోయినా, ఊపిరాడకపోయినా, కళ్ళు తిరిగి పడిపోయినా బిళ్ళ మింగించి కూర్చోకండి. అప్పుడు కావలసింది తొడ కండరంలో ఎడ్రినలిన్ ఇంజక్షను. వెంటనే 108కి ఫోను చేయండి. రోగిని నడిపించకుండా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి ఉంచండి, ఆయాసపడుతుంటే కూర్చోబెట్టండి. తేరుకున్నా ఆసుపత్రిలో కొన్ని గంటలు ఉంచాలి, మళ్ళీ తిరగబెట్టవచ్చు.

ఈసారి ఏదైనా ‘పడకపోతే’ రెండు సంగతులు కాగితంమీద రాసుకోండి - ఏమిటి తగిలింది, ఎంతసేపటికి వచ్చింది. మందైతే దాని పేరు రాసిన చీటీ ఎప్పుడూ దగ్గర పెట్టుకుని, ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా ముందు అదే చూపించండి.