నలుగురిలో అన్న మాట ఎప్పుడు పనిచేస్తుంది?

నందిగామలోనో జగ్గయ్యపేటలోనో ఇంటర్ చదివే అమ్మాయిని ఏమవుతావమ్మా అని అడిగితే, చాలాసార్లు ముందు వినిపించేది ‘చూడాలండీ’ అన్న జవాబే. మనసులో డాక్టరో కలెక్టరో ఉంటుంది. పైకి చెప్పాక కాకపోతే వీధిలో తలెత్తుకోలేనన్న భయం నోరు కట్టేస్తుంది. అయ్యాక చెబుదువుగానిలే, దిష్టి తగులుతుందని ఇంట్లో పెద్దవాళ్లూ అంటారు. తొందరపడి చెప్పినవాళ్ల కోసం ‘ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం’ అన్న సామెత ఎలాగూ ఉంది. వ్యక్తిత్వ వికాసం బోధించేవాళ్లు మాత్రం పెద్ద లక్ష్యం పెట్టుకో, అందరికీ చాటిచెప్పు, అనుమానం దానంతటదే పోతుందంటారు. మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ రెండు మాటల్నీ పరీక్షకు పెట్టారు.

పీటర్ గోల్‌విట్జర్ బృందం 2009లో ప్రచురించిన ప్రయోగాలు సోమలింగం సామెత వైపే మొగ్గాయి. చదువుకునే అవకాశాల్ని పూర్తిగా వాడుకుంటామని న్యాయశాస్త్ర విద్యార్థుల చేత సంకల్పం రాయించారు. కొందరి సంకల్పం ప్రయోగం నడిపే వ్యక్తికి తెలిసింది, మిగిలినవాళ్లది ఎవరి కంటా పడలేదు. ఆ తర్వాత చదవడానికి కేసులిచ్చి, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపేయొచ్చన్నారు. లాయర్ కావాలని గట్టిగా కోరుకునేవాళ్లలో, ఎవరి సంకల్పం ఇంకొకరికి తెలిసిందో వాళ్లే ముందుగా లేచిపోయారు. ఎదుటివాడు మన మాట విని తలూపగానే సగం లాయర్ అయిపోయినట్టు మనసుకు తోస్తుందనీ, ఆ తృప్తి చేయాల్సిన పనిని మింగేస్తుందనీ పరిశోధకుల వివరణ.

ఇక్కడితో ఆగితే పెద్దవాళ్ల మాటే నెగ్గినట్టు. కానీ 2017లో ఎప్టన్, కరీ, ఆర్మిటేజ్ అనే ముగ్గురు లక్ష్యాల మీద వచ్చిన 141 పరిశోధన పత్రాల్ని కలిపి లెక్కగట్టారు. లక్ష్యం కష్టమైనదైనప్పుడు, నలుగురి ఎదుట పెట్టుకున్నప్పుడు, ఒక గుంపు కలిసి పెట్టుకున్నప్పుడు బాగా పనిచేస్తుందని వాళ్లకు తేలింది. అంతకు ముందు ఏడాది హార్కిన్ బృందం 19,951 మంది పాల్గొన్న 138 అధ్యయనాల్ని కలిపి చూసింది. ఎంతవరకు వచ్చామో గమనించుకుంటూ ఉంటే లక్ష్యం అందే అవకాశం పెరుగుతుంది. ఆ లెక్క రాసిపెట్టినా, నలుగురికి తెలిసేలా చెప్పినా ఇంకా పెరుగుతుంది.

ఈ రెండు రకాల ఫలితాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. న్యాయ విద్యార్థులు చెప్పింది తాము ఎలాంటివాళ్లమన్న సంగతి. ఆ సంకల్పంలో ఎన్ని కేసులు, ఎప్పటికి అన్న లెక్క లేదు, మర్నాడు వచ్చి అడిగేవాళ్లూ లేరు. నా దృష్టిలో తేడా అంతా అక్కడే ఉంది. కాస్త దూరపు పోలికే అయినా, మన నందిగామ, జగ్గయ్యపేట మెట్ట చరిత్రే దీనికి మంచి ఉదాహరణ.

జగ్గయ్యపేట మండలంలోని ముక్త్యాల కృష్ణ ఒడ్డునే ఉంది. 1855 నాటికి విజయవాడ దగ్గర ఆనకట్ట కట్టాక నది నీళ్లు కాలువల్లో దిగువ డెల్టాకు వెళ్లాయి. ఎగువనున్న జగ్గయ్యపేట, నందిగామ మెరక చేలకు ఆ నీళ్లు ఎక్కే దారి లేదు. కళ్లెదుట ఏరు పారుతున్నా రైతు ఆశ వాన మీదా చెరువు మీదా. అలాంటి చోట ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్, నందికొండ దగ్గర కృష్ణకు అడ్డంగా పెద్ద డ్యామ్ కట్టాలన్న కోరికను నలుగురిలో పెట్టారు. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం లేదు. నందికొండ దగ్గర నదికి ఒక ఒడ్డు హైదరాబాద్ రాష్ట్రం, రెండో ఒడ్డు మద్రాసు రాష్ట్రం. మద్రాసు ప్రభుత్వమేమో కృష్ణా నీళ్లను పెన్నకు, అక్కణ్నించి దక్షిణానికి మళ్లించే పథకం మీద ఉంది. కాదనడానికి ఇన్ని కారణాలున్న కోరిక అది.

ఆయన దాన్ని ఉపన్యాసంగా వదిలేయలేదు. రైతుల్ని సంఘంగా కూర్చి, ప్రతిపాదనను ఢిల్లీ దాకా తీసుకెళ్లారు. ప్రాజెక్టుల పరిశీలనకు వేసిన ఖోస్లా సంఘం స్థలం చూడటానికి వచ్చేటప్పుడు బండి పోయే బాట లేకపోతే, ఊళ్లవాళ్లను కూడగట్టి అడవిలో బాట వేయించారని చెబుతారు. 1952లో ఆ సంఘం నందికొండకే మొగ్గింది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ అక్కడే నాగార్జునసాగర్‌ డ్యామ్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నల్లగొండ, ఖమ్మం మీదుగా మన మెట్టకు చేరింది. ఇది ఒక్కరి ఘనత అనడం లేదు. ఇంజనీర్లు, వేలమంది కూలీలు లేకుండా ఆ గోడ లేవదు. కానీ ఆ మాట ఎలాంటిదో చూడండి. అందులో స్థలం పేరుంది. జరిగిందో లేదో ఎవరైనా చూసి చెప్పగలరు. నీళ్ల కోసం కాచుకున్న రైతులు ఏమైందని అడుగుతూనే ఉంటారు.

ఆత్మసందేహం సంగతికొస్తే, మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో చెప్పిందే నాకు ఇప్పటికీ ముఖ్యమనిపిస్తుంది. ఈ పని నావల్ల అవుతుందన్న నమ్మకం పుట్టడానికి ఆయన నాలుగు ఆధారాలు చూపించాడు: స్వయంగా చేసి నెగ్గిన అనుభవం, మనలాంటివాళ్లు నెగ్గడం చూడటం, ఇతరుల ప్రోత్సాహం, మన ఒంట్లోని దడ, అలసటలాంటివాటిని మనం అర్థం చేసుకునే తీరు. వీటిలో అన్నిటికన్నా బలమైనది మొదటిది. మాటకు ఉన్న బలం తక్కువ. అంటే లక్ష్యం ప్రకటించినంత మాత్రాన సందేహం పోదు. మాట మనల్ని పనిలోకి తోస్తుంది, పని సందేహాన్ని కరిగిస్తుంది.

1981లో బండూరా, షంక్ తీసివేతల్లో వెనకబడిన పిల్లలకు 42 పేజీల లెక్కలిచ్చారు. ఏడు విడతల్లో చేయాలి. కొందరికి విడతకు ఆరు పేజీలు లక్ష్యంగా పెట్టుకోమన్నారు, కొందరికి చివరికి మొత్తం 42 పూర్తిచేయమన్నారు. చేయాల్సిన పని ఒకటే అయినా, ఆరేసి పేజీల పిల్లలకు లెక్కలు ఎక్కువ వచ్చాయి, తమమీద నమ్మకం పెరిగింది, మొదట్లో విసుగ్గా ఉన్న లెక్కల మీద ఇష్టం కూడా కలిగింది. విడత ముగిసిన ప్రతిసారీ గెలుపు చేతికందింది మరి.

ఎవరికి చెప్పాలన్నదీ ముఖ్యమే. హోవర్డ్ క్లైన్ బృందం 2020లో చూపించిన దాని ప్రకారం, మనకన్నా పై స్థాయిలో ఉన్నారని మనం గౌరవించేవాళ్లకు చెబితే లక్ష్యం మీద పట్టుదల పెరిగింది. వాళ్ల దృష్టిలో చులకన కాకూడదన్న పట్టింపే దానికి కారణం. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి వందమంది చేత బొటనవేలు ఎత్తించుకోవడం కన్నా, ఒక్క లెక్చరర్‌కు ‘సార్, శనివారానికి ఈ చాప్టర్ లెక్కలన్నీ చేసి చూపిస్తాను’ అనడం మేలని నేను గట్టిగా నమ్ముతాను.

కాకపోతే ఆ మాట విన్నవాళ్ల మీదా బాధ్యత పడుతుంది. మన దగ్గర ప్రోత్సాహమంటే ‘నీకేం తల్లీ, కొట్టేస్తావు’ అని భుజం తట్టడమే. గోల్‌విట్జర్ ప్రయోగంలో పనిని మింగేసింది ఇలాంటి తలూపడమే. దానికి బదులు శనివారం పిలిచి, ఎన్నయ్యాయమ్మా, ఎక్కడ ఆగావు అని అడిగితే ఆ పిల్లకు తన లెక్క తనకు కనిపిస్తుంది. ఇరవై లెక్కల్లో ఎనిమిదే అయితే, ఆ ఎనిమిదీ పుస్తకంలో తేదీ వేసి రాయించాలి. వచ్చే వారానికి ఇంకో అంకె ఆమె నోటే చెప్పించాలి.