తోలు పదును: లందలోనా, కర్మాగారమునందా?

పచ్చితోలు పదును కానిచో రెండు మూడు దినములలో క్రుళ్లును. పూర్వము ఈ పని ఊరి లందలలోనే జరిగెడిది. తోలును సున్నపునీట నానవైచి, వెండ్రుకలూడ్చి, తంగేడుపట్ట, కరక్కాయలు వేసిన నీట వారములకొలది ఊరవేసెడివారు. పట్టలోని వగరు తోలు పోగులకు పట్టి వానిని నిలుపును. మోటతొండములు, చెప్పులు ఆ తోలుతోనే కుట్టెడివారు.

ఆంబూరు, వాణియంబాడి కర్మాగారములలో క్రోమియపు లవణము వాడుటచే ఈ ఊరవేతకు ఒకటి రెండు దినములే చాలును. అయితే అంతదూరము చేరువరకు తోలు చెడకుండుటకై దాని బరువులో నూటికి 40 పాళ్ల వరకు ఉప్పు పట్టింతురు. కర్మాగారమున అది నీటితో పోవును. క్రోమియమును మడ్డిగా విడదీయవచ్చును గాని, కరగిన ఉప్పును తీయుట బహు వ్యయసాధ్యము. మన పాలారు ఒడ్డున బావులు ఉప్పనగుటకు ఇదియొక ముఖ్యకారణము. 1996లో సుప్రీంకోర్టు ఇచ్చటి తోళ్ల కర్మాగారములకు ఒక్కొక్కదానికి 10,000 రూపాయల జరిమానా విధించినది. కడుగకముందే ఉప్పును దులిపి వేరుచేయు పద్ధతియు కలదు.

ఇంతమాత్రమున లందయే మేలని అనజాలము. ఆ సున్నమున చేతులు పెట్టినవారినే ఊరు వెలివాడయందుంచినది. తోళ్లు దూరము పోసాగిన పిమ్మట, చెప్పులు కుట్టుటకు వారే అంగట తోలు కొనవలసివచ్చినది.