తలలు లేని నర్తకీమణులు

"సార్, బొమ్మ పైన తెగిపోయింది" అన్నారు ఏడో తరగతి పిల్లలు. ప్రింటు తప్పు కాదు. ఇంప్రెషనిస్టు చిత్రకారుడు ఎడ్గార్ డెగా 1870 ప్రాంతంలో వేసిన 'ఒపేరా వాద్యబృందం'లో నర్తకీమణులకు తలలుండవు. వెలుగులో గౌనులు, కాళ్లు మాత్రమే కనిపిస్తాయి. పారిస్ జనం టికెట్టు కొనేది వాళ్లను చూడ్డానికే. డెగా మాత్రం వేదిక కింద మసక వెలుతురులో కూర్చున్న వాద్యగాళ్లకే చిత్రంలో ఎక్కువ చోటిచ్చాడు. నడిమధ్యన బుగ్గలు ఉబ్బించి బసూన్ ఊదుతున్నది ఆయన స్నేహితుడు దెజిరే దియో. మామూలుగా బసూన్ వాయించేవాడు అంత ముందు కూర్చోడు. స్నేహితుడి కోసం డెగా కుర్చీలు మార్చేశాడు! ఆ ఒపేరా భవనం 1873లో కాలిపోయింది. చిత్రం పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది.

బసూన్‌కు తెలుగు మాట మాకూ తోచలేదు. "పొడుగాటి సన్నాయి" అంది ఒక పిల్ల. అదీ పీకతో ఊదేదే కనుక మేం దిద్దలేదు. తరగతిలో తెలుగు మాట్లాడ్డానికి మొహమాటపడే పిల్లలు ఆ రోజు గంట కొట్టినా ఆగలేదు. ఎప్పుడూ నోరు విప్పని ఒకడు లేచి, "మా తాత నాటకాలకు హార్మోనియం వాయించేవాడు సార్, ఒక్క ఫొటోలోనూ లేడు" అన్నాడు.

వాడి చేతికి డ్రాయింగు కాగితం ఇచ్చాం.