దాఖలాలలో గృహిణి జాడ: అమెరికాలోని జర్మను రైతుల వంశచరిత్రలు

1900 వ సంవత్సరము జూను నెలలో అమెరికా సంయుక్త రాష్ట్రములందు జనాభా లెక్కలు వ్రాయు గుమాస్తాలు పల్లెపల్లెకును పోయి, పెండ్లియైన స్త్రీలను గూర్చి రెండు ప్రశ్నలు వేసిరి. ఆమె కన్న బిడ్డ లెందరు? వారిలో నేడు జీవించియున్నవా రెందరు? జవాబులను రెండు చిన్న గడులలో అంకెలుగా వ్రాసికొనిరి. నెబ్రాస్కా, కాన్సాసు, విస్కాన్సిను రాష్ట్రములలోని జర్మను రైతుల పట్టికలను తిరుగవేయునపుడు, ఒక గడిలో పది, దాని ప్రక్క గడిలో ఆరు అనియున్న పంక్తులు అరుదు కావు. అట్టి తల్లి మునిమనుమరాండ్రు నేడు తమ వంశచరిత్ర వ్రాయబూనినచో మొదట తగులు ప్రశ్న యిదియే: ఆ నలుగురు బిడ్డలు ఎవరు? వారికి ఏమి పేర్లు పెట్టిరి? ఆ తల్లి తాను ఏ యింటి ఆడపడుచు?

వంశవృక్షము వ్రాయుట యనగా తండ్రి, తాత, ముత్తాత అని మగవారి వరుసను వెదకికొనుచు పోవుటయే యని పలువురి తలంపు. పొలము మగవాని పేర, పన్ను మగవాని పేర, వోటు మగవాని పేర నుండుటచే ఆ త్రోవ సులభము. ఇల్లాలి జాడ తీయుటయే కష్టము. పెండ్లినాడు ఆమె యింటిపేరు మారిపోవును. ఆ చిక్కు ఎట్టిదో మన సోదరీమణులకు మేము చెప్పవలసిన పని లేదు. అయినను ఓపిక గలవారికి ఆ జాడ దొరకుచునే యున్నది. అదియు తరచుగా ఆమెకొరకు గాక వేరే పనికై వ్రాసిన కాగితములలో.

జర్మనులు అమెరికాకు వలసపోవుట నిన్న మొన్నటి మాట కాదు. 1683 లోనే ఫిలడెల్ఫియా చెంత జర్మనుటౌను అను గ్రామము వెలసినది. పదునెనిమిదవ శతాబ్దమున రైను నదీతీరమందలి పలాటినేటు సీమనుండి వేలకొలది జనులు పెన్సిల్వేనియా చేరిరి. పందొమ్మిదవ శతాబ్దమున పోయినవారి సంఖ్య ఏబది లక్షల వరకు వచ్చును. వారందరును రైతులు కారు గాని, రైతులు పెక్కుమంది. బాడెను, వుర్టెంబర్గు సీమలలో తండ్రి పొలమును బిడ్డలందరును పంచుకొను ఆచార ముండుటచే, కొన్ని తరములలో ఒక్కొక్కరి వంతు కుటుంబపోషణకు చాలని చిన్న చెక్కయై పోయెడిది. అన్నదమ్ముల పంపకములు చూచిన మన చదువరులకు ఇది క్రొత్త గాదు. 1816 లో వేసవి చల్లబడి పంటలు చెడెను. 1840 దాటిన పిదప బంగాళాదుంపలకు తెగులు సోకెను. ఇల్లు వాకిళ్లమ్మి ఓడ కూలి కట్టుకొనిరి.

1727 నుండి ఫిలడెల్ఫియాలో దిగిన జర్మనులచేత అచ్చటి దొరతనమువారు రాజభక్తి ప్రమాణము చేయించి చేవ్రాళ్లు తీసికొనుచుండిరి. ఆ పట్టికలు నేటికిని నిలిచియున్నవి. వంశచరిత్ర వ్రాయువారికి అవి పెన్నిధి. కాని ప్రమాణము పదునారేండ్లు దాటిన మగవారికి మాత్రమే. ఓడలో భర్త ప్రక్కనే కూర్చుండి, బిడ్డను ఒడిలో పెట్టుకొని, అదే సముద్రమును దాటి వచ్చిన స్త్రీకి ఆ పట్టికలో పంక్తి లేదు.

జనాభా లెక్కలలోను మొదట ఇట్లే జరిగెను. 1790 మొదలు 1840 వరకు పదేండ్ల కొకసారి వ్రాసిన లెక్కలలో ఇంటి యజమాని పేరొక్కటియే కనబడును. తక్కినవారు ఇన్నేండ్ల లోపువారు ఇందరు అను అంకెలుగా నిలిచిరి. భర్త పోయి తానే సంసారము నడుపుకొను స్త్రీ యైనచో ఆమె పేరు యజమానిగా ఎక్కెడిది. వైధవ్యము వచ్చినగాని పేరు రాదన్నమాట! 1850 లో మొదటిసారిగా స్వతంత్రులైన ప్రతివారి పేరును, వయస్సును, జన్మదేశమును వ్రాయించిరి. బానిసలుగా నున్నవారికి అప్పుడును ఆ భాగ్యము కలుగలేదు.

1850 నుండి 1880 వరకు జనుల లెక్కతోపాటు సేద్యపు లెక్కయు వేరుగా వ్రాసిరి. ఎన్ని యెకరములు, ఎన్ని గోధుమలు, ఎన్ని పాడియావులు, ఏడాదిలో ఎన్ని పౌనుల వెన్న అని అందులో గడులున్నవి. 1880 పట్టికలో కోళ్లకును గ్రుడ్లకును గూడ గడులు చేరెను. పాడియు కోళ్లును ఆ యిండ్లలో చాలవరకు స్త్రీల చేతిపనియే. వెన్న లెక్క మాత్రము భర్త పేర నున్నది. జనుల పట్టికలో అదే గృహిణి వృత్తి యేదని చూచినచో 'ఇల్లు చూచుకొనుట' అని యుండును. రెండు పట్టికలను ప్రక్కప్రక్కన పెట్టి చదివినవారికి ఆ యిల్లు చూచుకొనుటలో ఎంత వెన్న యున్నదో తెలియగలదు.

ఇక ఆ నలుగురు బిడ్డల సంగతి. 1871 లో పుట్టి 1878 లో పోయిన బిడ్డ ఏ జనాభా పట్టికలోను ఉండదు. 1870 నాటికి పుట్టలేదు, 1880 నాటికి లేదు. ఏడేండ్లు ఆ యింట ఆడుకొనిన బిడ్డ లెక్కకు రాకుండ పోవును. దీనికి కొంత ఉపశాంతి యేమన, 1850 నుండి 1880 వరకు ప్రతి లెక్కతోను మృతుల పట్టిక యొకటి వ్రాసిరి. లెక్కకు ముందటి పండ్రెండు నెలలలో ఆ యింట పోయినవారి పేరు, వయస్సు, నెల, వ్యాధి అందులో నుండును. ఆ యేడాదిలో పోయినవారికే యీ మేలు. 1890 పట్టికలా, 1921 జనవరిలో వాషింగ్టనునందలి వాణిజ్యశాఖా భవనమున నిప్పంటుకొని చాలవరకు కాలియు తడిసియు చెడెను. మిగిలినవానిని పిదప దొరతనమువారే నాశనము చేయించిరి. అందుచే 1880 కిని 1900 కిని నడుమ ఇరువదేండ్ల చీకటి. కాన్సాసువంటి రాష్ట్రములు 1885, 1895 లలో తాము వేరుగా వ్రాయించిన లెక్కలు అచ్చట కొంత వెలుగు చూపును. లెక్క జరిగిన 72 ఏండ్లకు గాని ఈ పేర్ల పట్టికలను లోకమునకు చూపరు. 1950 నాటివి 2022 ఏప్రిలులో వెలువడినవి.

పుట్టిన యూరు తెలిసికొనుట వేరొక చిక్కు. జర్మనీ ఒక్క రాజ్యముగా కూడినది 1871 లో. అంతకుముందటి పట్టికలలో ప్రష్యా, బాడెను, హానోవరు అని సీమల పేర్లుండును. గ్రామము పేరు ఎక్కడనో గాని యుండదు. మరికొన్ని యిండ్లలో జర్మను భాష మాటలాడుచు జన్మదేశము రష్యా యని చెప్పుకొనినవారు కనబడుదురు. గుమాస్తా పొరపడెనని తలపరాదు. 1763 లో రష్యా చక్రవర్తిని కాథరిన్ ఆహ్వానింపగా వోల్గా తీరమునకు పోయి సేద్యము చేసిన జర్మనుల సంతతివారు, తమకిచ్చిన హక్కులు తీసివేసి 1874 లో సైనికసేవను నిర్బంధింపగా, అచ్చటనుండి కాన్సాసు, నెబ్రాస్కా, డకోటాలకు తరలిరి. వారికి పుట్టినిల్లు వెదకవలసినది రష్యాలో, అంతకుముందటిది జర్మనీలో.

ఓడ యెక్కిన రేవునుబట్టియు అదృష్టము మారును. హాంబర్గు రేవువారి పట్టికలు 1850 నుండి 1934 వరకు, యుద్ధకాలము తప్ప, నిలిచియున్నవి. ప్రయాణికులు కడపట కాపురమున్న యూరి పేరు వానిలో గలదు. బ్రెమెను రేవువారు చోటు చాలదని పాత పట్టికలను పారవేయుచు వచ్చిరి; మిగిలినవి చాలవరకు రెండవ ప్రపంచయుద్ధమున పోయెను. బ్రెమెనునుండి పోయినవారి మనుమలు నేటికిని ఆ యద్దె కచేరీ గుమాస్తాలను తలచుకొని పండ్లు కొరుకుచున్నారనిన తప్పులేదు.

పేరు మారుటను గూర్చి ఒక కట్టుకథ వ్యాపించియున్నది. 1892 లో తెరచిన న్యూయార్కు రేవునందలి ఎల్లిసు ద్వీపమున ఉద్యోగులు వలసవారి పేర్లను తమ యిష్టము వచ్చినట్లు మార్చిరని చెప్పుదురు. అది నిజము కాదు. ఉద్యోగులు ఓడవారు తెచ్చిన పట్టికను ముందుంచుకొని ప్రశ్నించెడివారు. పేరు మారినది పిదప: చెవికి వినబడినట్లు వ్రాసిన గుమాస్తావలన, బడిపంతులువలన, పెక్కు తడవలు తమ యిష్టమువలననే. ష్మిట్టు స్మిత్తయ్యెను, ముల్లరు మిల్లరయ్యెను, వడ్రంగి యని యర్థమిచ్చు త్సిమ్మర్మను అదే యర్థముగల కార్పెంటరయ్యెను.

భూమి దాఖలాలలో నైనను స్త్రీ కొంత గట్టిగా కనబడును. 1862 నాటి హోంస్టెడ్ శాసనముచే 160 ఎకరముల సర్కారు బీడును తీసికొని, అయిదేండ్లు కాపురముండి సాగుచేసినవారికి పట్టా యిచ్చెడివారు. ఇరువదియొక్క యేండ్లు నిండిన అవివాహిత గాని, విధవ గాని తన పేరనే దరఖాస్తు పెట్టవచ్చును. పౌరసత్వము పొందదలచితినని ప్రమాణము చేసిన పరదేశస్థులకును హక్కు గలదు. పట్టాకు ముందు దాఖలు చేయవలసిన కాగితములలో ఇల్లెంత పొడవు, ఎంత వెడల్పు, బావి యున్నదా, ఎన్ని యెకరములు దున్నిరి, సంసారములో ఎందరు అని యుండును. అయిదేండ్లు నిండక మునుపే భర్త చనిపోయినచో భార్యయే వచ్చి సాక్ష్యమిచ్చి పట్టా పొందెడిది. గడ్డివేళ్లతో కూడిన మట్టిపెళ్లలతో కట్టిన యింట ఎన్ని కిటికీలో ఆమె చెప్పగా వ్రాసిన వాఙ్మూలములు వాషింగ్టనునందలి జాతీయ దాఖలాల భాండాగారమున నేటికిని గలవు. సాక్షుల పేర్లను విడువరాదు. వారు తరచుగా పొరుగు పొలమువారు. ఒక్కొక్కప్పుడు జర్మనీలో ఒకే గ్రామమునుండి వచ్చినవారు, భార్య తోబుట్టువులు.

అన్నిటికంటె మేలైనవి చర్చి పుస్తకములు. గుంటూరు సీమవారికి హయ్యరు దొర పేరు తెలిసినదే. ఆయన 1793 లో జర్మనీలోని హెల్మ్‌స్టెట్ పట్టణమున పుట్టి, 1807 లో బాలుడుగా ఫిలడెల్ఫియా చేరి, 1842 లో గుంటూరు వచ్చెను. ఆయనను మొదట పంపిన పెన్సిల్వేనియా లూథరను సంఘము జర్మను వలసవారు నెలకొల్పినదే. అట్టి సంఘముల పుస్తకములలో బాప్తిస్మము, వివాహము, మరణము వరుసగా వ్రాయబడినవి. జర్మనీలో ప్రభుత్వమువారు దేశమంతట జనన మరణములను వ్రాయ మొదలిడినది 1876 లో గాన, అంతకు ముందటికి చర్చి పుస్తకములే యాధారము. బిడ్డ బాప్తిస్మమున తల్లి పుట్టినింటి పేరును తరచుగా వ్రాసెడివారు. ప్రాతలిపి చదువుట అలవాటు చేసికొనవలెను. స్త్రీల యింటిపేరు చివర 'ఇన్' అను ప్రత్యయము చేర్చి ముల్లరిన్ అని వ్రాయుటయు గలదు. సాక్షులుగా నిలిచినవారిలో మేనమామలు, పినతల్లులు ఉందురు.

ఈ పుస్తకములలో ఒకే తల్లికి ముగ్గురు ఆన్నా మరియాలు కనబడుట గలదు. వ్రాసినవారు పొరపడలేదు. బిడ్డ పోయినపుడు, తరువాత పుట్టిన బిడ్డకు ఆ పేరే మరల పెట్టుట వారి ఆచారము. మరణముల పుస్తకమును తెరచి చూచినచో మొదటి యిద్దరును అందులో నుందురు.

1918 నాటి కాగితములు చదువునపుడు మాకు కష్టము తోచినది. 1855 శాసనమునుబట్టి పౌరుని పెండ్లాడిన పరదేశపు స్త్రీ పౌరురాలగును; 1907 శాసనముచే అమెరికాలో పుట్టిన స్త్రీయైనను పరదేశస్థుని పెండ్లాడినచో తన పౌరసత్వమును పోగొట్టుకొనును. 1917 లో యుద్ధము వచ్చెను. భర్త పౌరసత్వపు కాగితములు పూర్తి చేయకుండినచో, కాన్సాసు పొలములో పుట్టి పెరిగిన యిల్లాలును 1918 జూనులో శత్రుదేశస్థురాలుగా నమోదు కావలసివచ్చెను. ఫొటో అంటించి వ్రేలిముద్రలు వేయించుకొనిరి. ఈ పత్రములు చాలచోట్ల నిలువలేదు గాని కాన్సాసువి నిలిచియున్నవి. ఆమె పుట్టినింటి పేరు, తలిదండ్రులు, బిడ్డలు అన్నియు అందులో గలవు. ఆమె ముఖమును గూడ చూడవచ్చును. వివాహిత పౌరసత్వమును భర్తనుండి విడదీసిన శాసనము 1922 లో వచ్చెను.

కాగితములేవియు దొరకనపుడు పల్లె చర్చి వెనుకటి శ్మశానమునకు పోవలెను. జర్మనుభాషలో చెక్కిన పాత రాళ్లపై భార్య పేరు క్రింద 'గెబ్' అను పొట్టి మాటయు, దాని ప్రక్క నామె పుట్టినింటి పేరును పెక్కుచోట్ల నుండును. ఆ రాతి చెంత మోకాలెత్తు రాళ్లున్నవేమో గూడ చూడవలెను. పదికిని ఆరుకును నడుమ తగ్గిన బిడ్డల పేర్లు కొన్ని తడవలు వానిమీదనే దొరకును.